గాలిబాబు చేసిన చప్పుడు లేని పెట్టె

వీధిలో అందరూ ఆయన్ని గాలిబాబు అనేవారు. ఫ్యాన్లకు వైండింగ్ చేయడం ఆయన పని. కాలిపోయిన తీగ విప్పి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, చచ్చిన ఫ్యానును మళ్ళీ తిప్పుతాడు. కొట్లో పొద్దుణ్ణుంచి ఏదో ఒక ఫ్యాను తిరుగుతూ ఉండాల్సిందే, లేకపోతే ఆయనకు ఊపిరాడదు. మోటారు బాగోగులు ఆయన కంటితో చూడడు, చెవితో వింటాడు. స్క్రూడ్రైవరు మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుంటాడు. "బేరింగు పోయింది" అన్నాడంటే పోయినట్టే. ఆయన లెక్కలో చప్పుడు చేసేదే బతికున్నది, చప్పుడు లేనిది చచ్చింది. మధ్యస్థంగా ఇంకేదీ ఉండదు.

అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి ఒక వింత వస్తువు చేశాడు. గాలీ లేని, చప్పుడూ లేని చిన్న కంప్యూటరు. చేసింది అక్క కోసం.

కొట్టు పైగదిలో అక్క ఉండేది. బళ్ళో పాఠాలు చెప్పడం మానేశాక ఆమె చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసేది. వాళ్ళ లైబ్రరీ పుస్తకం పంపితే, మైకు ముందు కూర్చుని చదివి తిరిగి పంపేది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. పుస్తకం తెరిస్తే చాలు తమ్ముడికి నిద్ర ముంచుకొచ్చేది కనక, పాఠాలన్నీ ఆమే పైకి చదివి వినిపించేది. గాలిబాబు బుర్రలోకి ఎక్కిన ఆ నాలుగు ముక్కలూ అక్క గొంతుతోనే ఎక్కాయి.

ఇప్పుడు ఆ గొంతుకే ముప్పు వచ్చింది. లోపల కాయలాంటిది లేచిందనీ, కోసి తీసేయాలనీ డాక్టరమ్మ చెప్పింది. "మాట వస్తుంది. ఈ గొంతే వస్తుందని మాత్రం నేను చెప్పలేను" అంది. అప్పటికి అక్క చేతిలో ఒక పెద్ద నవల సగంలో ఉంది. సగం ఒక గొంతూ సగం ఇంకో గొంతూ అయితే వినేవాళ్ళు ఏమైపోవాలి, పుస్తకం పూర్తయ్యాకే కోత, అని పట్టుబట్టి కూర్చుంది. ఆమె పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళు. డాక్టరమ్మ నెలాఖరు దాకా ఆగడానికి ఒప్పుకుని, రోజుకు గంటకు మించి చదవకూడదని ఆంక్ష పెట్టింది.

సరిగ్గా అప్పుడే లైబ్రరీ పెద్దాయన ఫోన్ చేశాడు. వచ్చిన రికార్డింగులన్నీ విని చూసేది ఆయనే, ఆయనకూ చూపు లేదు. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీ గొంతు వెనకాల ఒకటే హోరు. కదిలే రైల్లో కూర్చుని చదువుతున్నట్టుంది. మాకు చెవులే కదా కళ్ళు. ఈ అధ్యాయాలు మళ్ళీ చదవాలి" అన్నాడు.

ఆ హోరు ఎవరి పుణ్యమో అక్కకు తెలుసు. కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోందని ఆమె అన్న పాపానికి, గాలిబాబు "దానికేం భాగ్యం!" అని కొట్లోంచి ఒక ఫ్యాను తెచ్చి, డబ్బా రేకు కోసి బిగించాడు. అది చాలదేమోనని అవతలి వైపు ఇంకోటి బిగించాడు. ఆ మోత వింటూ, ఇప్పుడు బాగా నడుస్తోందని తృప్తిగా మెట్లు దిగి వెళ్ళాడు.

"ఒరే, నువ్వు పెట్టింది గాలి కాదురా, గాలివాన" అంది అక్క. ఆమె నవ్వుతూనే అంది గానీ గాలిబాబు ప్రాణం చివుక్కుమంది.

"పీకి పారేస్తానక్కా."

"పీకితే వేడెక్కి ఆగిపోతుంది కదా."

"పోనీ ఫోన్లో చదివెయ్యి."

"దానికి ఈ మైకు పట్టదు. తప్పు దొర్లితే వెనక్కెళ్ళి దిద్దుకోడానికీ కుదరదు. నువ్వు బెంగపెట్టుకోకు, ఏదో చేద్దాంలే."

గాలిబాబు ఆ పూటే కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు నడిపే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "ఫ్యాను లేకుండా నడిచేవి ఉన్నాయండీ. అసలు వేడే తక్కువ పుట్టే చిన్న బోర్డు తీసుకోవాలి. మామూలు పెట్టె తాగే కరెంటులో ఇది గుక్కెడు కూడా తాగదు. లోపల తిరిగే డిస్కు బదులు తిరగనిది పెట్టుకోవాలి. పుట్టిన ఆ కాస్త వేడినీ లోహంలోకి లాగేస్తే, అదే మెల్లగా బయటికి పోతుంది."

"తిరిగేదంటూ ఏదీ లేకపోతే అది నడుస్తోందని ఎలా తెలుస్తుందమ్మా?"

"లైటు వెలుగుతుంది కదండీ!"

లైట్ల మీద గాలిబాబుకు నమ్మకం లేదు. కాలిపోయిన మోటారు పక్కన కూడా స్విచ్చిబోర్డు లైటు నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. అయినా బోర్డు కొన్నాడు. అరచేతిలో పట్టే ఆ ముక్కను దారంతా మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నాడు. ఇంతింత లావు పుస్తకాలు ఇందులోకి వెళతాయంటే నమ్మబుద్ధి కాలేదు.

వేడి సంగతి ఆయనకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ వేడిని గాలితో తరమడమే తెలుసు, దాన్ని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించవచ్చని తెలియదు. పాత ఆంప్లిఫయరు వెనక ఉండే పలకల అల్యూమినియం దిమ్మను సానబట్టి పెట్టెకు పైకప్పుగా చేశాడు. బోర్డు మీది చిప్పుకూ దిమ్మకూ మధ్య రాగిబిళ్ళ పెట్టాడు. ఆ సందుల్లో వేడి దాటడానికి రాయాల్సిన పేస్టును, పాత అలవాటు కొద్దీ, బేరింగుకు గ్రీజు పెట్టినట్టు దట్టంగా మెత్తాడు. పెట్టె వేడెక్కి ఠక్కున ఆగిపోయింది. "గోరంత చాలండీ, గోడకు సున్నం కొట్టారా ఏంటి?" అని కొట్టావిడ ఫోన్లో నవ్వింది. అంతా తుడిచి మళ్ళీ రాశాడు.

ఈసారి ఆగలేదు. తెర మీద బొమ్మ వచ్చింది, కానీ గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. పెట్టె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అరచెయ్యి ఆనించి చూస్తే, నిద్రపోయే పసిపాప నుదురులా గోరువెచ్చగా తగిలింది. తన చేత్తో చేసినదాన్ని చూసి గాలిబాబు తనే రెండడుగులు వెనక్కి వేశాడు.

అక్క చదవడం మొదలుపెట్టింది. ఆమె చదివే గంటా ఆయన కొట్టు మూసేవాడు. పెట్టె మీది లైటు ఆమె కళ్ళలో పడుతోందని దానికి టేపు అంటించాడు. మొదటి అధ్యాయాలు అందగానే పెద్దాయన ఫోన్ చేసి, "ఇప్పుడు మీరు నా పక్కనే కూర్చున్నారమ్మా" అన్నాడు.

ఆస్పత్రిలో చేరడానికి ముందురోజుకు చివరి అధ్యాయం మిగిలింది. ఆమె చదువుతుంటే గాలిబాబు మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి గొంతు ఆగిపోయింది. ఎంతకీ వినిపించకపోతే మెల్లగా తలుపు తోశాడు. అక్క లేదు. తెర నల్లగా ఉంది. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? స్క్రూడ్రైవరు మొన పెట్టె మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చచ్చింది! ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు.

గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి అప్పుడే వెనకవైపు వంటింట్లోంచి వచ్చిన అక్క గుమ్మంలో నిలబడిపోయింది. కాసేపు ముట్టుకోకపోతే తెర దానంతటదే ఆరిపోతుంది, పెట్టె నడుస్తూనే ఉంది. కానీ చదివిన అధ్యాయం ఇంకా అందులో దాచనేలేదు. చివరి పేజీ మాత్రం మిగిలి ఉండగా మొత్తం పోయింది.

గాలిబాబు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకం వెనక్కి తిప్పింది. "ఇలా వచ్చి నేల మీద కూర్చో. కదిలావంటే వీపు విమానం మోత మోగుతుంది."

"గంట దాటిపోయిందక్కా. వద్దక్కా, నీ గొంతు..."

"రేపు ఎలాగూ కోస్తారు. దాచుకుని ఏం చేసుకోనురా?"

ఆమె చదివింది. గాలిబాబు చిన్నప్పటిలా మోకాళ్ళు కౌగిలించుకుని విన్నాడు. తెర మీద తిన్నగా పడుకున్న గీత ఆమె మాటకల్లా లేచి, మాట ఆగగానే మళ్ళీ పడుకుంటోంది. ప్రతి వాక్యానికీ ముందు ఆమె తీసుకునే చిన్న ఊపిరి వినబడింది. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న గొంతే, కానీ ఆ ఊపిరిని ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళూ తన ఫ్యాన్లు దాన్ని మింగేశాయి. ఇంత అపురూపమైనది ఇంట్లోనే ఉంటే తనకు తెలియనేలేదని దుఃఖం పొంగుకొచ్చింది. చివరి వాక్యం కాగానే, ఏడుపు మైకులో పడుతుందని నోరు నొక్కుకుని, మునివేళ్ళ మీద బయటికి వెళ్ళిపోయాడు.

కోత బాగానే జరిగింది. చాలా రోజులు ఆమె మాట్లాడకూడదన్నారు. ఇక మీదట వచ్చేది బొంగురు గొంతేనని డాక్టరమ్మ ఇప్పుడు తేల్చి చెప్పేసింది. అక్క మంచం మీద, తమ్ముడు పక్కన బల్ల మీద కూర్చుని ఉండగా లైబ్రరీ పెద్దాయన ఫోన్ వచ్చింది. గాలిబాబు ఇద్దరికీ వినబడేలా స్పీకరులో పెట్టాడు.

"పుస్తకం అద్భుతంగా వచ్చింది బాబూ. కానీ చివర ఒక మాట ఉంది. పుస్తకంలోది కాదు. తీసేయాలా అని అడుగుదామని చేశాను. మాకైతే ఉంచాలనుంది. వినిపిస్తాను, ఉండండి."

ముందు నవల చివరి వాక్యం వినిపించింది. తర్వాత నిశ్శబ్దం. తలుపు మెల్లగా మూసుకున్న అలికిడి. ఆ తర్వాత, ఇక ఎప్పటికీ రాని ఆ పాత గొంతుతో అక్క అంది:

"వింటున్నవాళ్ళకు ఒక్క మాట. మీకు ఇప్పుడు ఏమీ వినబడటం లేదు కదా? అది మా తమ్ముడు చేశాడు."

పెద్దాయన అవతల నుంచి "ఉంచమంటారా?" అని అడుగుతూనే ఉన్నాడు. గాలిబాబు అక్క వంక చూశాడు. ఆమె ఉంచమన్నట్టు తలాడించింది. జవాబు చెప్పాల్సింది ఆయనే, కానీ ఆయనకూ మాట రాలేదు.