ఊరికి పంచిన రబ్బీసు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఏదైనా ఉందంటే, అది మా శాఖా గ్రంథాలయానికి ఇంకా రాని పుస్తకంలో ఉందని అర్థం. ఇంటర్ తప్పినా ఆ నమ్మకం తప్పలేదు. (లైబ్రేరియన్ గారు తాళాలు నా చేతికిచ్చి భోజనానికి వెళ్లేవారు. అంతకు మించిన పట్టా ఏముంటుంది?) అందుకే, ఇళ్లు కట్టించే మా మేనమామ నన్ను కడియంలో పని చూడమని పెట్టినప్పుడు, కూల్చిన పాత పెంకుటింటి రబ్బీసు గుట్ట చూడగానే నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. ఇటుక ముక్కలు, సున్నం పెచ్చులు, పెంకులు. ఇలాంటివి తెచ్చి కాలవల్లో పోసేస్తారనీ, అవసరమైనవాళ్లకు పంచడమే నాగరికత అనీ ఆ వారమే చదివి ఉన్నాను.

మామయ్య కోరుకొండలో పెళ్లికి వెళ్లారు. నేను అట్టముక్క మీద "రబ్బీసు ఉచితం, ట్రాక్టరు మీది" అని రాసి గేటుకు కట్టాను. వెనకింటి మామ్మగారు పశువుల పాక ముందు పోయించుకున్నారు. ఆపైన ఎవరెవరివో ట్రాక్టర్లు వరస కట్టాయి. "మొహమాటపడకండి, తీసుకెళ్లండి" అని దగ్గరుండి ఎత్తించాను. సాయంత్రానికి స్థలం ఊడ్చినట్టయింది.

మామయ్య మర్నాడు తిరిగొచ్చి, "గుట్ట ఏదిరా?" అన్నారు.

"కాలవ పాలు కాకుండా కాపాడాను మామయ్యా. ఊరికి పంచేశాను."

ఆయన కొత్త ఇటుకల మీద కూర్చున్నారు. "మరి మెరక దేంతో చెయ్యనురా? నీ పుస్తకాలు పొయ్యనా?"

మా పల్లపు నేలల్లో రోడ్డు వేసినప్పుడల్లా అది ఇంటికంటే ఎత్తవుతుంది. అందుకే పాతింటి రబ్బీసును కొత్తింటి పునాదిలోనే పోసి నేలను లేపుతారు. ఈ ముక్క ఎవరూ ఎవరికీ చెప్పరు, పుట్టుకతోనే తెలుస్తుంది, నాకు తప్ప. (ఆ పుస్తకం రాసినాయన ఇల్లు ఏ కొండ మీదో ఉండి ఉంటుంది.)

"రేపు ఇంటాయన వస్తారు. ఈలోగా సరుకు తిరిగి రాకపోతే నువ్వు లైబ్రరీకే వెళ్లిపో" అన్నారు మామయ్య.

మామ్మగారి దగ్గరికి పరుగెత్తాను. "మా గేదెలు తొక్కేశాయి బాబూ, ఇంకెక్కడి రబ్బీసు? కాఫీ తాగుతావా?" అన్నారావిడ. ఊరంతా అలాగే మర్యాద చేసింది. కడుపు నిండా కాఫీతో, ఖాళీ చేతులతో తిరిగొచ్చాను.

మర్నాడు ఇంటాయన వచ్చారు. ఆయన నర్సరీ రైతు. మామయ్య నోరు విప్పేలోపే ఆయన అందుకున్నారు.

"మా నర్సరీ దారిలో లారీలు దిగబడిపోయి ప్రాణం తీస్తున్నాయండి. మొన్న ఎవరో పిచ్చిమారాజు రబ్బీసు ఊరికే ఇస్తున్నాడంటే, కొత్తగా చేరిన మా మేనేజరు ట్రాక్టర్లు పంపాడండి. రాత్రి అంత వాన పడిందా, పొద్దున్నే లారీ ఝామ్మని వెళ్లిపోయిందండి."

మామయ్య నన్ను చూపించారు. "ఆ మారాజు వీడేనండి. ఆ రబ్బీసు తమరిదేనండి."

ఆయన ఖాళీ స్థలం కేసి చూశారు. "అయితే మా నాన్నగారి గోడల మీంచా లారీ వెళ్లింది?" అన్నారు. తరవాత భుజాలు అదిరేలా నవ్వారు. "మెరకకి మట్టి తోలించండి కాంట్రాక్టరుగారూ, అది నేను చూసుకుంటాను. దారి మాత్రం కదపకండి. ఈ కుర్రాణ్ణి కూడానండి."

అలా ఉద్యోగం దక్కింది. ఇప్పుడు ఏ స్థలానికి వెళ్లినా ముందు రోడ్డు ఎత్తు చూస్తాను, పుస్తకం తరవాత. వాన వెలిశాక ఆ నర్సరీ దారిలో ఎర్రటి పెంకు ముక్కలు తేలుతుంటాయి. వాటిని చూసినప్పుడల్లా, పరాయివాళ్ల ఇంటిని గేటుకు అట్ట కట్టి మరీ దానం చేసిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఈ రోజున నేను ఒక ఇటుక ముక్క ఇవ్వాలన్నా ఇద్దర్ని అడుగుతాను.