గోడమీది కుట్టుపనావిడకు అమ్మ పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... అమెరికాలో, న్యూవార్క్‌లో కుట్టుపని కార్మికుల యూనియన్ హాలు వసారాలో ఒక పెద్ద బొమ్మల గోడ ఉండేది. ఆ హాలు కొనుక్కున్న కొత్త యజమాని పోయిన వారం సగం గోడకు తెల్లరంగు కొట్టించాడు. అపార్ట్‌మెంట్లు చేస్తాడట... పాత బొమ్మలుంటే అద్దెకొచ్చేవాళ్ళకు నచ్చదట! మిగిలిన సగం ఈ శనివారం కొట్టిస్తాడట.

రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది... ఆ మిగిలిన సగంలోనే మిషను మీద వంగి కుడుతున్న ఒకావిడ ఉంది. ఆవిడ నుదుట మా అమ్మ పెట్టిన బొట్టు ఉంది.

ఎనభైల మొదట్లో మాట. అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. నాన్నకు ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. అమ్మకు డ్రైవింగ్ రాదు. అందుకని ఆదివారాలు అమ్మా నేనూ సిటీ బస్సుల్లో ఊరంతా తిరిగేవాళ్ళం.

స్టాపుల పేర్లకు అమ్మకు నోరు తిరిగేది కాదు... బొమ్మలే గుర్తులు. మూటలు మోసే మనుషుల్ని చెక్కిన పోస్టాఫీసు దగ్గర బస్సు మారాలి. కార్మికులంతా కలిసి కట్టుకున్న సహకార ఇళ్ళ గుమ్మం మీద రాతి మగ్గం కనబడితే... మా ఇల్లొచ్చినట్టు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. హాల్లో ఊరికే పంచే కరపత్రాలన్నీ చదివేసి, రేపో మాపో లోకం మారిపోతుందని గట్టిగా నమ్మేదాన్ని.

"అమ్మా, లిసన్! థర్టీస్‌లో, జాబ్స్ లేని రోజుల్లో గవర్నమెంటే ఆర్టిస్టులకి జీతాలిచ్చి ఇలాంటివి వేయించింది. కింగ్స్ బొమ్మలు కాదు, పనిచేసేవాళ్ళవి!"

"సరేలేవే, ఉపన్యాసం తర్వాత. ముందా బస్సాపే గంట తాడు లాగు, మన మగ్గం దాటిపోతోంది!"

ఒక శుక్రవారం ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పారు. మిషన్లన్నీ కూలి తక్కువున్న ఇంకో రాష్ట్రానికి పోతాయట. సోమవారం ఉదయం ఏడింటికి లారీలు. వాటికి అడ్డంగా నిలబడాలని హాల్లో అనుకున్నారు. తలా కొందరికి ఫోన్ చేసి చెప్పమన్నారు.

అమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్‌లో చెబితే కబురవుతుంది గాని, పిలుపెలా అవుతుందే?"

ఆదివారం తలంటు పోసుకుని, పట్టుచీర మీద నాన్న స్వెట్టరు తొడుక్కుని, చేతిసంచిలో కుంకుమ భరిణె వేసుకుని బయల్దేరింది. వెనకాల నేను... సిగ్గుతో చచ్చిపోతూ.

పోస్టాఫీసు వెనక వీధిలో మరియా. పోర్చుగల్ నుంచి వచ్చినావిడ, బొత్తాలు కుట్టేది. రాతి మగ్గం ఇళ్ళలో డోరతీ. నల్లజాతి ఆవిడ, ఇస్త్రీ పని. అలా బస్సు మీద బస్సు మారుతూ... ప్రతి గుమ్మంలోనూ అమ్మ బొట్టు పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో ఒకటే మాట: "టుమారో, సెవెన్. యూ మస్ట్ కమ్."

డోరతీ అద్దంలో చూసుకుని పకపకా నవ్వింది. "సరోజా, లిప్‌స్టిక్ పెట్టాల్సింది ఇంకాస్త కింద, హనీ!"

మావాళ్ళు పెళ్ళికి ఇలాగే పిలుస్తారని నేను గొణిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "పెళ్ళికా... అయితే రాకుండా ఎలా?" అంది.

సాయంత్రం హాలు దగ్గర దిగాం. అమ్మ మునివేళ్ళ మీద లేచి, వేలు తడిచేసుకుని, గోడమీది కుట్టుపనావిడకూ బొట్టు పెట్టింది. నాకు కోపం ముంచుకొచ్చింది.

"అమ్మా! షి ఈజ్ ఎ వర్కర్. దేవత కాదు!"

"దేవతని ఎవరన్నారే? ఆవిడా కుట్టేదేగా... అందరినీ పిలిచి ఆవిణ్ణొక్కదాన్నీ వదిలేస్తే ఏం బావుంటుంది?"

సోమవారం సన్నటి వాన. బొట్టు పెట్టించుకున్నవాళ్ళందరూ వచ్చారు. మొహం కడుక్కుంటే చెరిగిపోయిందని డోరతీ లిప్‌స్టిక్‌తో మళ్ళీ దిద్దుకొచ్చింది! మధ్యాహ్నం దాకా చేతులు పట్టుకుని నిలబడ్డారు... ఆ తర్వాత పోలీసులొచ్చి పక్కకు నెట్టేశారు.

మిషన్లు ఒక్కొక్కటే లారీ ఎక్కుతుంటే అమ్మ తన మిషన్ను గుర్తుపట్టింది. మోస్తున్న అతనితో తెలుగులోనే అంది... "మెల్లిగా నాయనా."

ఇంటికి పోతూ తాడు లాగడం ఇద్దరం మరిచిపోయాం. రాతి మగ్గం వెనక్కి వెళ్ళిపోయింది...

తర్వాత అమ్మ ఐసెలిన్‌లో మనవాళ్ళ చీరల షాపు ఒకదానికి ఫాల్స్ కుట్టింది, ఏళ్ళ తరబడి. ఇంట్లోనే, ఒక్కతే. పోయిన చలికాలం అమ్మ వెళ్ళిపోయింది.

గోడ సంగతి తెలిసి మొన్న బస్సులోనే వెళ్ళాను. పోస్టాఫీసు లేదు. రాతి మగ్గానికి అడ్డంగా ఏసీ పెట్టె బిగించారు. వసారాలో సగం గోడ తెల్లగా, ఆసుపత్రి గోడలా ఉంది. రెండో సగంలో ఆవిడ ఇంకా కుడుతూనే ఉంది. నుదుట ఇటుకరంగు మరక... వేలు పెట్టి చూశాను. సరిగ్గా అమ్మ వేలంత.

రంగు కొట్టేవాళ్ళు శనివారం ఎనిమిదింటికి వస్తారట. మనం ఏడింటికే ఆ వసారాలో ఉండాలి. దూరాన ఉన్నవాళ్ళు మీ ఊళ్ళో మిగిలిన ఇలాంటి గోడ ఏదైనా ఉంటే, దాని గురించీ, మిమ్మల్ని అక్కడికి వెంటబెట్టుకెళ్ళిన మనిషి గురించీ ఈ పోస్టు కింద రాయండి... చెరిపేయకముందే.

ఇప్పుడంతా పోస్టులూ, ఫార్వర్డులే... ఇదీ కబురే, పిలుపు కాదు. నాకు తెలుసు. ఇందరి గుమ్మాల్లోకి బస్సెక్కి రాలేను. అందుకని అమ్మ భరిణె తెస్తున్నాను. వచ్చిన ప్రతివాళ్ళకీ అక్కడే బొట్టు పెడతాను.

శనివారం. ఉదయం ఏడు గంటలకి. మీరు తప్పకుండా రావాలి.