గిటారులో తప్పు

గుడియాత్తం చుట్టుపక్కల పాట కచ్చేరీలకు పోయేవాళ్లకు చిన్నరాజు తెలుసు. స్టేజీ మీద డ్రమ్ముల పక్కన, నల్ల ప్యాంటు తెల్ల చొక్కా వేసుకుని, జనం వైపు తలెత్తకుండా తన వేళ్లనే చూసుకుంటూ గిటారు వాయించే మనిషి. పగలు చూస్తే మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. పగలు ఆయన సారవ కర్రల మీద ఉంటాడు. లుంగీ ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టి, చేతిలో తాపీతో గోడ కడుతూ ఉంటాడు.

కింద నిలబడి ఆయనకు సిమెంటు కలిపి అందించేది భార్య జయ. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆయన ఎడమ చెయ్యి కిందికి చాచితే ఇటుక ఇవ్వాలి, తాపీతో బాండ్లి అంచు మీద కొడితే సిమెంటు ఇవ్వాలి. నోరు తెరిచి అడిగింది లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలెత్తి ఆ చేతుల్నే చూస్తూ ఉండటంతో, వాటి సంగతి ఆయన కంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

ఆయనకు గిటారు వచ్చింది కూడా పనిలోనే. పంతొమ్మిదో ఏట వేలూరులో ఒక మిద్దె పనికి పోయాడు. ఆ ఇంటాయన సాయంత్రం పూట వరండాలో నలుగురికి గిటారు నేర్పేవాడు. చిన్నరాజు పని ముగించి, కాళ్లుచేతులు కడుక్కుని, ఒక మూల కూర్చుని చూసేవాడు. పదిరోజులు చూసి ఇంటాయనే పిలిచి చేతికిచ్చాడు. మిద్దె పని ఎనిమిది నెలలు సాగింది. చిన్నరాజు గిటారు చదువంతా ఆ ఎనిమిది నెలలే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ తెలుగు అక్షరం చదవలేడు, బడిలో నేర్చింది తమిళమే. పాటల గుర్తులన్నీ తమిళంలో ఒక నోటుబుక్కు నిండా రాసుకున్నాడు. రెండువేల ఆరులో వేలూరులోనే ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. దానికి జయ పాత చీర ఒకటి చించి గలీబు కుట్టింది.

ఈ ఏడు ఊరి అమ్మవారి జాతర, గెంగమ్మ శిరసు పండగలో ఆ గిటారు మాట వినలేదు. పాట మధ్యలో మంచి చోట స్వరం పలకాల్సింది పోయి చెక్కను తట్టినట్టు టక్కుమంది. ఒకసారి కాదు, మూడు పాటల్లో. జనంలో ఎవరో ఈల వేశారు. కచ్చేరీ ముగిశాక, బృందం నడిపే పూర్ణచంద్ర పక్కకు పిలిచాడు.

"రాజన్నా, నీ కంటే ముందు నీ గిటారు రిటైరు అయిపోయిందే. ఆడి నెల జాతరలకు పదకొండు కచ్చేరీలు ఒప్పుకుని ఉండా. కొత్తది కొను. లేదంటే ఆర్కాడు నుంచి వేరే మనిషిని పిలిపించుకుంటా. తప్పుగా అనుకోవద్దు."

"గిటారుదే తప్పన్నా," అన్నాడు చిన్నరాజు. "మెడ వంగిపోయినట్టుండాది."

ఇంటికొచ్చి అదే మాట జయకు చెప్పాడు. జయ ఊ అంది. చూపు మాత్రం ఆయన ఎడమ చేతి మీద ఉంది.

ఉగాది దాటాక రెండుసార్లు ఆయన ఎడమ చేతిలోంచి ఇటుక జారింది. మొదటిది ఇసుకలో పడింది. రెండోది ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయింది. "ఏం మామా, నన్ను చంపి ఇంకోదాన్ని తెచ్చుకుంటావా?" అని ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. మరునాడు టీ గ్లాసు పట్టుకున్న తీరు చూసి మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. అందరూ గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని ఊదుతున్నారు. ఆయన అరచెయ్యి మొత్తం చుట్టి పట్టుకున్నాడు.

"చెయ్యి కాలదా?"

"సిమెంటు తిన్న చెయ్యి మే. దానికేం తెలస్తాది?"

మేస్త్రీలందరూ అనే మాటే అది. సిమెంటు వేళ్ల చర్మాన్ని తింటుంది. బొక్కలు పడతాయి, గోళ్లు అరిగిపోతాయి. రాత్రికి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు, పొద్దున్నే మళ్లీ సిమెంటులో చెయ్యి పెడతారు. ఆ పనిలో చేతికి ఏమొచ్చినా సిమెంటు ఖాతాలోకే పోతుంది.

కానీ జయ చేతుల్నీ సిమెంటు తినింది. ఆమె చేతులు మండుతాయి. మిరపకాయ కారం తగిలితే ప్రాణం పోతుంది. ఆయన చెయ్యి మండదు. చిటికెన వేలు, దాని పక్క వేలు ఎప్పుడూ తిమ్మిరెక్కినట్టు ఉంటాయంటాడు, అంతే. మోచేతి కింద ఒక పాలిపోయిన మచ్చ కూడా ఉంది. ఎండకనుకుంది ఆమె.

జయ పుట్టిన ఊరు పరదరామిలో ఆమె తాత తమ్ముడు అంకప్ప బెల్లం వండేవాడు. కాగే పెనాన్ని వట్టి చేతులతో దించేవాడు. ఇనుప చేతులని ఊరంతా మెచ్చుకునేది. జయ చిన్నప్పుడు ఆ చేతులు చూసేటప్పటికి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆయనకు కంచం వేరే, చెంబు వేరే. కుష్ఠు అనే మాట ఎత్తకుండా, పెద్దరోగం అని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు.

పోయిన సంక్రాంతి ముందర ఆరోగ్య కార్యకర్త కోకిల వీధిలోకి వచ్చి ఇల్లిల్లూ అడిగింది. "ఎవరికైనా మచ్చలుండాయా అక్కా? చేతుల్లో, కాళ్లల్లో తిమ్మిరుండాదా? ఇప్పుడు దానికి మంచి మందుండాది, ఊరికే ఇస్తారు. వేళ్లు వంగకముందే రావాల, అంతే." చిన్నరాజు అప్పటికే వేళ్లు తిమ్మిరంటున్నాడు. పక్కింటామె గడపలో నిలబడి వింటోంది. ఆ మాట బయటికి పోతే పని ఇచ్చేదెవరు, ఇంట్లో మంచినీళ్లు తాగేదెవరు? జయ "మా ఇంట్లో ఎవరికీ లేదు" అంది.

శనివారం పని మాని ఇద్దరూ వేలూరు బస్సెక్కారు. సంగీత వాయిద్యాల అంగడి ఒక ఇరుకు సందులో, మెట్లెక్కిపోతే పైన ఉంది. గోడ నిండా గిటార్లు మేకలు వేలాడదీసినట్టు వేలాడుతున్నాయి. అంగడి యజమాని యోసేపు తెలుగాయనే. తెల్లగడ్డం, మెళ్లో కళ్లద్దాల తాడు.

"మీ దగ్గరుండేది రెండువేల ఆరు మోడలు గదా అన్నా? అదే కంపెనీ, అదే పేరు, ఇప్పటికి రెండుసార్లు మార్చినారు," అంటూ యోసేపు రెండు గిటార్లు దించి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "ఇది రెండువేల పద్నాలుగుది. పాతస్టాకు, ఒక్కటే మిగిలింది. ఇది ఈ ఏడు వచ్చింది. మీ దాంట్లో మెడ మీద అడ్డగీతలు ఇరవై ఒకటి, దీంట్లో ఇరవై రెండు. మెడ సన్నం చేసినారు. పైన పరిచిన చెక్క మార్చినారు, అందుకే తెల్లగుండాది. కింద తీగల శబ్దం పట్టే పికప్పు డబలు. గుర్రుమనే శబ్దం రాదు. ఇంకోటి, ఆ గీతల ఎత్తు పెంచినారు. గట్టిగా నొక్కే పనే లేదు. వేలు ఆనిస్తే చాలు, పలుకుతాది."

చిన్నరాజు పద్నాలుగు మోడల్ని ఎత్తి, ఒక కన్ను మూసి, గోడ వరస చూసినట్టు మెడ పొడుగునా చూశాడు. అది వంకర లేదు. కూర్చుని తీగ నొక్కాడు. మొదటి మూడు స్వరాలు బాగా పలికాయి. నాలుగోది టక్కుమంది.

"మెడ లావు," అన్నాడు.

కొత్తది తీసుకున్నాడు. అదే వరస. నాలుగోది టక్.

"ఇది మరీ సన్నం. వేలు నిలవడం లేదు."

"పెండ్లికూతురిని చూడను వచ్చినప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదే మామా," అంది జయ. నవ్వించాలని అన్నదే గానీ ఆమె మాత్రం నవ్వలేదు.

"అప్పుడు నీ వెనకాల మీ యమ్మ, మా యక్క నిలబడుండె. వంక పెట్టుంటే తిరగలి రాయి ఎత్తుకునుండును."

యోసేపు గట్టిగా నవ్వి, లోపలికి పోయి తెల్ల గిటారు ఒకటి తెచ్చాడు. "ఇది ఒకాయన అమ్మేసి పోయినాడు. రెండువేల ఆరుదే. మీ గిటారే అనుకోండి, రంగొక్కటే వేరే. చూడండి."

చిన్నరాజు ముఖం వెలిగింది. ఇరవై ఏళ్లుగా ఒళ్లో పెట్టుకున్న లావే, బరువే. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. చూపుడు వేలు, నడిమి వేలు నోటుబుక్కు అక్కర్లేకుండా వాటంతటవే పోయాయి. చిటికెన వేలి వంతు వచ్చినచోట మళ్లీ టక్. ఇంకోసారి. ఇంకోసారి. నుదుటి మీద చెమట పట్టింది.

యోసేపు ఇప్పుడు నవ్వడం లేదు. చెయ్యి చాచి గిటారు తీసుకుని, నిలబడే అదే వరస వాయించాడు. స్వరం గంట కొట్టినట్టు అంగడంతా నిండింది.

"అన్నిట్లోనూ శ్రుతి దిగుండాది, అందుకే," అన్నాడు చిన్నరాజు. కొత్తదాన్ని మళ్లీ ఒళ్లోకి లాక్కుని, ఎడమచేత్తో పైన మరలు తిప్పాడు. కొత్త తీగలు కొసలు కత్తిరించకుండా సూదుల్లా నిక్కి ఉన్నాయి. తిప్పుతూనే, "పద్నాలుగుదే మేలన్నా, దాని మెడ ఇంకాస్త సన్నం చేసుంటే..." అని చెబుతూ వాయించడం మొదలుపెట్టాడు.

తెల్లటి చెక్క మీద ఎర్రటి గీత ఒకటి సాగింది. వేలు ఎక్కడికి పోతే అక్కడికి పోయింది.

"అన్నా, రక్తం," అన్నాడు యోసేపు.

చిన్నరాజు వంగి చూశాడు. ఎవరిదో అన్నట్టు చూశాడు. చిటికెన వేలి కొస తెగి కారుతోంది. తువ్వాలుతో చెక్కను తుడవబోయాడు, వేలిని కాదు. "సిమెంటు తిన్న చెయ్యి అన్నా, మొద్దుబారిపోయింది. చెక్కకు మరక పడిందా?"

"చెక్క పోతే పోనీ." యోసేపు గిటారు తీసుకుని గోడకు తగిలించేశాడు. "చెయ్యి చూపించుకోన్నా. దేశమంతా రైళ్లెక్కి వేలూరు ఆసుపత్రికి ఒళ్లు చూపించుకోను వస్తా ఉంటే, పక్కూరోడివి నువ్వు ఈడ గిటార్లు చూస్తా ఉండావు."

చిన్నరాజుకు కోపం వచ్చింది. అమ్మడం రానివాడు అంగడి ఏమిటికి పెట్టాలని గొణుగుతూ మెట్లు దిగాడు. సందు చివర టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాక కూడా ఆగలేదు. ఎడమ చెయ్యి బెంచీ మీద, ఇద్దరి మధ్య ఉంది. వేలికి జయ చించి కట్టిన గుడ్డపీలిక.

"ఇరవై రెండో గీతతో మనకేం పని చెప్పు? యా పాటకు కావాల? ఊరికే కొత్తది అనిపించుకోను చేస్తారు. ఆరు మోడలంత గట్టి చెక్క ఇప్పుడు యాడుండాది? ఆర్కాడులో ఇంకో అంగడుండాదంట. రేపు ఆడికి పోదాం..."

జయ గాజులకున్న పిన్నీసు తీసింది. తీసేటప్పుడు ఏం చెయ్యబోతున్నదీ తనకే తెలియనట్టు ఉంది ఆమెకు. ఆయన రోడ్డు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. ఉంగరపు వేలి పక్కన మెల్లగా గుచ్చింది. ఆయన పద్నాలుగు మోడలు మెడ గురించి చెబుతున్నాడు. అరచేతి అంచున ఇంకొంచెం గట్టిగా గుచ్చింది. ఆయన చెక్క గురించి చెబుతున్నాడు. ఆమె కళ్లు మసకబారాయి. మూడోసారి గుచ్చిన చోట చిన్న రక్తపు చుక్క పైకి లేచింది. ఆయన మాట ఆగలేదు.

ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడుకు ఇటు తిరిగాడు.

"ఏమ్మే? ఏమైంది?"

జయ పిన్నీసు చూపించింది. తర్వాత చెయ్యి చూపించింది. "మూడుసార్లు గుచ్చినా మామా."

ఆయన పిన్నీసునూ తన చేతినీ మార్చి మార్చి చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"సిమెంటు..."

"నా చేతుల్నీ తినింది సిమెంటు. నా చేతులు మండతాయి." అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు ఆమె. టీ అంగడాయన తలెత్తి చూశాడు. గొంతు తగ్గించింది. "కోకిల వచ్చి అడిగితే లేదనేసినా. మా అంకప్ప తాత గుర్తొచ్చినాడు, భయపడి లేదనేసినా. వేళ్లు వంగకముందే పోవాలంట."

అంకప్ప పేరు వినగానే ఆయన ముఖంలో రంగు పోయింది. అక్క ఊరు పరదరామిలో ఆ చేతుల్ని ఆయనా చూశాడు. తన వేళ్లను చాచి చూసుకున్నాడు. చిటికెన వేలు పూర్తిగా చాచుకోలేదు. ఇంకోసారి చాచాడు. అది అక్కడే ఆగింది.

"మళ్లీ గుచ్చు," అని రెండు చేతులూ ఆమె ముందు బోర్లా పెట్టి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "మొదట కుడిది."

గుచ్చింది. "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ కేక విని క్షణంపాటు ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది.

"సరి. ఇప్పుడు ఎడమది. నాకు తెలస్తాది చూడు."

జయ గుచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడు. స్టేజీ మీద తన వంతు కోసం ఎదురు చూసేటప్పుడు కూడా అంత శ్రద్ధగా కూర్చోడు. చెవులు కూడా రిక్కించాడు.

"గుచ్చు మే. ఏమిటికి భయపడతావు? నొప్పైతే నేను అరుస్తా గదా."

పిన్నీసు చిటికెన వేలిలోనే ఉంది. జయ దాన్ని మెల్లగా బయటికి తీసి, రక్తాన్ని తన పైటతో అద్ది, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని లేచి నిలబడింది. ఆయన కళ్లు తెరవకముందే, టీ అంగడాయన్ని తమిళంలో అడిగింది, చర్మం ఆసుపత్రికి ఏ బస్సు పోతుంది, ఇప్పుడు పోతే డాక్టరు ఉంటారా అని.