రేపు రమ్మన్న మాట

చోడవరంలో అనకాపల్లి రోడ్డు పక్కన కార్ల వైరింగు పని చేసే గౌరీశంకర్‌కి ఒక అలవాటుంది. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు వెనక్కెళ్ళి బ్రేకు లైట్లు చూస్తాడు. హారన్ మోగట్లేదని వచ్చినా అంతే, ఏసీ చల్లగా రావట్లేదని వచ్చినా అంతే. జనం చాదస్తం అనుకుంటారు. భార్య చిన్నమ్మి మాత్రం ఏమీ అనదు. తొమ్మిదేళ్ళుగా ఆయన కలవరింతలు వింటున్న మనిషి ఆవిడ.

మొన్న చెరకు ఆడే రోజుల్లో ఒక ఉదయం నాగవేణి కారు తెచ్చింది. కె.కోటపాడు ఆడపడుచు, గాజువాకలో నర్సు ఉద్యోగం. వారానికోసారి తల్లిని చూడ్డానికి తనే నడుపుకుంటూ వస్తుంది.

"క్రూయిజ్ కంట్రోల్ పట్టుకోట్లేదు బాబాయ్. హైవే మీద బటన్ నొక్కి కాలు తీస్తే కారు అదే వేగంలో పోవాలి కదా, పోట్లేదు. సిటీలో ఒక గ్యారేజీలో చూపించేను. స్టీరింగు మీద బటన్లు, లోపలి డబ్బా, అన్నీ మార్చాలన్నారు. అంత డబ్బు పోసే ముందు నువ్వోసారి సూస్తావని వచ్చేను."

"ఎన్నాళ్ళ నించి?"

"రెండు వారాలు."

గౌరీశంకర్ కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "బ్రేకు తొక్కమ్మా."

"తొక్కేను."

"గట్టిగా తొక్కు."

"గట్టిగానే తొక్కేను బాబాయ్."

రెండు పక్కలా ఎర్ర లైట్లు చీకటిగానే ఉన్నాయి. ఆయన డిక్కీ మీద చెయ్యి ఆన్చి అలాగే ఉండిపోయాడు. తన పక్కన ఎవరో నిలబడ్డట్టు, చెవి దగ్గర పలికినట్టు వినిపించింది. "ఎలగట్లేదు బావా."

అది దిలీప్ గొంతు. దిలీప్ వడ్డాది నించి అనకాపల్లికి బెల్లం తోలే వాడు. వరసకి ఏమీ కాకపోయినా బావా అనేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం వ్యాను తెచ్చి, గౌరీశంకర్ పెడల్ తొక్కుతుంటే వెనక నిలబడి ఆ మాటే చెప్పాడు. గౌరీశంకర్ అప్పటికే చేతులు కడిగేసుకున్నాడు. పెళ్ళి భోజనానికి తొందర. "రేపు తీసుకురా, పది నిమిషాల పని" అన్నాడు. చీకటి పడ్డాక బెల్లం లోడుతో బయల్దేరి, వడ్డాది దారిలో కల్వర్టు దగ్గర ఆవు అడ్డొస్తే దిలీప్ బ్రేకు వేశాడు. వెనకొస్తున్న చెరకు లారీకి వ్యాను ఆగుతోందని తెలియలేదు. దిలీప్ అక్కడే పోయాడు.

రేపు రమ్మన్న మాట గౌరీశంకర్ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. వడ్డాది రోడ్డు ఎక్కడం మానేశాడు.

"బాబాయ్, ఏటయింది?" నాగవేణి దిగి వచ్చింది.

"ఏం లేదమ్మా." బల్బులు విప్పి చూశాడు, బాగున్నాయి. ఫ్యూజు బాగుంది. స్టీరింగు కింద నడుం వాల్చి, బ్రేకు పెడల్ పైనున్న చిన్న స్విచ్చికి టెస్టు బల్బు తగిలించాడు. స్విచ్చి దాకా కరెంటు వస్తోంది, పెడల్ తొక్కినా అవతలికి పోవడం లేదు. లోపల కాలిపోయింది.

"ఇదే," అన్నాడు లేచి. "బ్రేకు తొక్కితే క్రూయిజ్ వదిలెయ్యాలి. తొక్కిన కబురు అందించేది ఈ స్విచ్చే. దీని మీద కారుకి నమ్మకం పోయింది, అందుకే క్రూయిజ్ పట్టుకోనివ్వట్లేదు. బటన్లూ డబ్బా ఏమీ మార్చక్కర్లేదు."

"ఇంతేనా?" అని నవ్వబోయింది నాగవేణి.

"ఇంతే కాదమ్మా. రెండు వారాలుగా నువ్వు ఆగుతున్నావని నీ ఎనకొచ్చేవోళ్ళకి తెలీట్లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. పోయిన వారం వెనక సీట్లో తల్లిని కూర్చోబెట్టుకుని విశాఖ తీసుకెళ్ళింది.

స్విచ్చి అనకాపల్లి నించి బస్సులో తెప్పించేసరికి మధ్యాహ్నమైంది. బిగించి, ఆమెని వెనక నిలబెట్టి మూడుసార్లు తొక్కి చూశాడు. మూడుసార్లూ లైట్లు వెలిగాయి. క్రూయిజ్ చూడాలంటే రోడ్డెక్కాలి. అనకాపల్లి వైపు ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, నాగవేణి కారుని వడ్డాది వైపు తిప్పేసింది. పక్క సీట్లో గౌరీశంకర్ తలుపు పిడి పట్టుకున్నాడు.

యాభై దగ్గర బటన్ నొక్కి ఆమె కాలు తీసింది. వేగం నిలబడింది. ఎవరి కాలూ లేకుండా కారు దానంతటది పోతోంది. కల్వర్టు కనపడగానే గౌరీశంకర్ తన కాళ్ళ కింద లేని పెడల్ని బలంగా తొక్కాడు. సరిగ్గా అక్కడే నాగవేణి బ్రేకు తాకించింది. క్రూయిజ్ వదిలేసింది.

"బాగయింది బాబాయ్."

"నన్ను వడ్డాదిలో దింపెయ్యమ్మా. బస్సులో వస్తాను."

దిలీప్ భార్య అశ్విని అరుగు మీద జాకెట్లు కుడుతోంది. గౌరీశంకర్‌ని చూసి మిషను ఆపింది. కూర్చోమంటే కూర్చోలేదు ఆయన. నిలబడే చెప్పాడు, ఆ సాయంత్రం బండి తెచ్చిన సంగతి, లైట్లు వెలగని సంగతి, తను రేపు రమ్మన్న సంగతి.

అశ్విని దారం కొరికి తుంపింది.

"తెలుసన్నయ్యా," అంది. "బెల్లం ఎత్తడానికి ఇంటికొచ్చినప్పుడు చెప్పేడు. శంకర్ బావ రేపు రమ్మన్నాడని. ఈ పూటకి మానెయ్ అన్నాను, ఇన్లేదు."

"తెలిసీ నన్ను ఏనాడూ అడగలేదేటమ్మా?"

"నువ్వే వస్తావని సూసేను. మొదటి ఏడాదంతా రోజూ సూసేను. తరవాత సూడ్డం మానేసేను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. తప్పు నీది కాదని ఆమె అనలేదు, నీదేనని కూడా అనలేదు. లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. మళ్ళీ మిషను ముందు కూర్చుని జాకెట్టు చెయ్యి సూది కిందకి జరిపింది.

గౌరీశంకర్ అప్పుడు కూర్చున్నాడు. చోడవరం బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు.