సీసం బిళ్ల

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా వీధి ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల ఆటకు పలక ముక్కలే వాడేవాళ్లం. చుట్టూ పలకల ఫ్యాక్టరీలే కనుక పగిలిన ముక్కలకు కరువు లేదు. కానీ పలక ముక్క తేలిక. గడిలో పడ్డట్టే పడి, జారి గీత మీదికి పోయేది. పక్కింటి అక్క చేతిలో నేను రోజూ ఓడిపోయేదాన్ని. ఓడిపోవడం నాకు బొత్తిగా చేతకాదు, ఇప్పటికీ అంతే.

మా నాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అర్ధవీడు వైపు కొండల కింది పల్లెలకు, గొర్రెలకు టీకాలు వేయడానికి మోటారు సైకిలు మీద పోయేవాడు. వెనక సీటుకు మందు ఉన్న ఐసు ఫ్లాస్కు కట్టుకునేవాడు. సగం దారి తారు రోడ్డు, మిగతా సగం రాళ్ల బాట. ఆ బాటల్లో ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోతోందని మా వీధి చివర ఉన్న మెకానిక్ మామ దగ్గరికి తీసుకెళ్లాడు. మామ అంటే మాకు చుట్టం కాదు, వీధి పిల్లలందరికీ మామే. ఆదివారం చర్చికి పోయి వచ్చాకే దుకాణం తెరిచేవాడు. ఎంత పెద్దవాళ్లు వచ్చి పిలిచినా ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఆయన ఇంజను దగ్గరుండే చిన్న పళ్ల చక్రం తీసేసి, ఒక పన్ను తక్కువున్నది వేశాడు. దాంతో వేగం కాస్త తగ్గుతుంది కానీ ఎత్తు ఎక్కే బలం వస్తుంది. అదే రోజు ముందు చక్రానికి కొత్త టైరు కూడా వేసి ఇచ్చాడు.

మర్నాడు బండి తుడవడం నా వంతు. ముందు చక్రం ఊచకు సీసపు తీగ ఒకటి బిగించి చుట్టి ఉంది. పని అయ్యాక మిగిలిన తీగ అక్కడ చుట్టి మరిచిపోయాడనుకున్నాను. విప్పి, మడిచి, రాయితో కొట్టి బిళ్ల చేసుకున్నాను. ఎంత బాగుండేదో ఆ బిళ్ల! విసిరితే ఎక్కడ పడితే అక్కడే కదలకుండా ఉండేది. వరసగా మూడు రోజులు నేనే గెలిచాను. పక్కింటి అక్క అలిగి ఆటకు రావడమే మానేసింది.

నాలుగో రోజు మా నాయన మోచేతులు చెక్కుకుపోయి ఇంటికి వచ్చాడు. కంభం రోడ్డు మీద కాస్త వేగంగా పోతుంటే హ్యాండిలు వణికిందట, పక్కకు తీసుకోబోయి కంకర మీద జారాడట. ఫ్లాస్కు పగిలి మందంతా పాడైంది. దెబ్బలకన్నా దానికే ఆయన ఎక్కువ బాధపడ్డాడు. బండి తోసుకుంటూ నేరుగా దుకాణానికి పోయాడు. ఆయన వెనకే నేనూ పోయాను.

వీధిలో అందరూ చూస్తుండగా మా నాయన మామను నోటికొచ్చినట్టు తిట్టాడు. పళ్లు తగ్గించి బండిని నాశనం చేశావన్నాడు. మామ వంగి, ముందు చక్రం ఊచలు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"చక్రం వణక్కుండా ఈడ సీసం కట్టినా సార్. ఏమైందో లేదు."

"కట్టనే లేదు నువ్వు. పని ఎగ్గొట్టి ఇప్పుడు అబద్ధాలు చెప్తావా ఏంది?"

బిళ్ల నా గౌను జేబులోనే ఉంది. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని మా నాయన వెనక్కి జరిగాను. మా నాయన ఆ బండిని బస్టాండు దగ్గర వేరే దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడివాళ్లు సీసం కట్టగానే వణుకు పోయింది. దాంతో మామ అబద్ధాలకోరని ఆయన మనసులో ముద్ర పడిపోయింది.

రెండు రోజులకు నేను ఒంటరిగా వీధిలో ఆడుకుంటుంటే బిళ్ల గురి తప్పి దుకాణం ముందు పడింది. మామ దాన్ని తీసుకుని అరచేతిలో ఎగరేసి చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఏడుపు వచ్చేసింది. ఆయన కోప్పడలేదు, లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఒక చక్రాన్ని ఇరుసు మీద నిలబెట్టి మెల్లగా తిప్పి వదిలేశాడు. అది తిరిగి తిరిగి, కొంచెం వెనక్కి ఊగి ఆగింది. కింద ఆగిన చోట టైరు మీద బలపంతో గీత పెట్టాడు. మళ్లీ తిప్పినా ఆ గీతే కిందికి వచ్చింది. బరువు అక్కడ ఉందన్నమాట. దానికి ఎదురుగా పైన నా బిళ్లను దారంతో కట్టాడు. ఈసారి చక్రం ఎట్ల వదిలితే అట్లే నిలిచిపోయింది. ఏడుపు మరిచి నేను కూడా రెండుసార్లు తిప్పాను.

బిళ్ల విప్పి నా చేతిలో పెడుతూ ఆయన ఒకటే మాట అన్నాడు. "నాయనకు నువ్వే చెప్పుకో తల్లీ. నేను చెప్తే నీకు దెబ్బలు పడతాయి."

చెప్పాలనే ఇంటికి పోయాను. నాయన చేతులకు కట్లు చూసి రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రానే లేదు. కాంపౌండరు సారే పోవడం మానేశాడంటే మనమెందుకు పోవాలని ఒక్కొక్కరే ఆ దుకాణానికి దూరమయ్యారు. ఏడాది తిరక్కముందే మామ దుకాణం ఎత్తేసి, భార్యాపిల్లలతో గిద్దలూరు వైపు కూలి పనికి పోయాడు. పోయే రోజు మా గుమ్మం ముందు నుంచే పోయాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

నా పిల్లల పెళ్లిళ్లు కూడా అయ్యాక, మంచాన పడిన మా నాయనకు చివరికి చెప్పాను.

"అప్పుడే చెప్పింటే పోయి ఆయన చేతులు పట్టుకునేవాణ్ణి గదమ్మా. ఇప్పుడు ఏడుండాడో ఏందో" అన్నాడు.

గిద్దలూరంతా మనుషుల చేత వెతికించాం. మామ చనిపోయి చాలా ఏళ్లయిందన్నారు. నేను దాచుకున్నది నా తప్పొక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ. నావల్ల మా నాయన కూడా ఒక నిర్దోషికి అన్యాయం చేసిన మనిషిగా మిగిలిపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మొన్న మా మనవడు తన ఎత్తు బండిని ఇంటి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు మీదా, నల్లమల బాటల్లోనూ పోయే బండి అది. పళ్ల చక్రం వాడే మార్చుకున్నాడు. కొత్త టైరు వేసి, చక్రం తిప్పి చూసుకుంటూ, అంటించే బరువు ఒకటి తక్కువైందని విసుక్కుంటున్నాడు. నేను లోపలికి పోయి కుట్టుమిషను సొరుగులోంచి బిళ్ల తెచ్చిచ్చాను. ఇది ఎక్కడిదవ్వా అన్నాడు.

వాడి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరూ పలకని ఆ మెకానిక్ పేరు ముందు చెప్పాను. తర్వాత, ఆ రోజు వీధిలో అందరి ముందూ చెప్పాల్సిన మాట చెప్పాను.

"ఆయన సీసం కట్టినాడు. తీసింది నేను."