నువ్వులు వేయని ఇల్లు

ఉదయం ఏడున్నర. గట్టుకు అవతలి చేనులో కోసిన నువ్వుల కట్టలు తలలు కలిపి ఎండకు నిలబెట్టి ఉన్నాయి. ఇవతలి చేనులో పత్తి, నడుమ కంది సాళ్లు. నువ్వు మొక్క ఒక్కటీ లేదు. మా ఇంటికి వంశం చెప్పే పోశయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించి రెండు చేన్లనూ నిదానంగా చూశాడు.

"ఇంకేం జూస్తవు పటేలా. మన పిల్లకు గా పిలగాడు అన్న అయితడు" అన్నాడు.

పక్కనున్న గంగారాం తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. మా అన్న కూతురు సుజాతను ఆయన మనవడికే అనుకున్నాం.

మా ఊరు చొప్పదండి దగ్గర, గంగారాంది ముధోల్ అవతల. ఇంటిపేర్లు వేరు. గోత్రం అడిగితే మా ఊళ్లో సగం మంది చెప్పేదే వాళ్లూ చెప్పారు, దాంతో ఏదీ తేలదు. పిల్లాడు నెమ్మదస్తుడు, సుజాతకు నచ్చాడు. మాటలన్నీ అయ్యాక, భోజనం దగ్గర గంగారాం మామూలుగా అన్నాడు: "మా తాత మల్లన్న మీ దిక్కునుంచే వచ్చిండంటరు." మా అన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. మా ముత్తాత తమ్ముడి పేరూ మల్లన్నే. వయసులో ఉండగానే గోదావరి దాటి పోయాడని, తిరిగి రాలేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇద్దరూ ఒకరే అయితే సుజాత, ఆ పిల్లాడు ఒకే రక్తం, పాలివాళ్లు. పెళ్లి కుదరదు.

పత్రికలో పనిచేసేవాణ్ని కాబట్టి ఆరా తీసే పని నాకు అప్పగించారు. బయల్దేరేటప్పుడు సుజాత సంచీ అందిస్తూ అన్నది: "చిన్నబాపు, పాలోళ్లని తేలితే ముందుగాల నాకే చెప్పు. ఊరోళ్ల నోట్ల వినుడు నాతోని గాదు."

అది చేను చూసిన దానికి ముందు రోజు. కరీంనగర్ బస్టాండులో ఉదయం ఏడున్నరకు నిర్మల్ బస్సు. పోశయ్యను వెంట తీసుకున్నాను. మూడు నాలుగేళ్లకోసారి వచ్చి, అరుగు మీద కూర్చుని మా తాతముత్తాతల పేర్లు పాడి, వడ్లు కొలిపించుకుని పోయే మనిషి. కిటికీ సీటు ఆయనకే ఇచ్చాను. జగిత్యాలలో చాయ్, కోరుట్లలో పది నిమిషాల ఆలస్యం. అక్కడ ఎక్కిన ఒకాయన దుబాయి పోవడానికి కాగితాలు చేయించుకుంటున్నాడు. పోశయ్య చేసే పనేమిటో తెలుసుకుని ఆయన నవ్వాడు.

"నా పాస్‌పోర్టుకు మా బాపు పేరొక్కటే అడిగిండ్రు తాతా. ముత్తాతను ఎవడడుగుతడు?"

"గందుకే నువ్వెవలో వాళ్లకు తెల్వది" అన్నాడు పోశయ్య. బస్సంతా నవ్వింది, ముసలాయన తప్ప.

ఆర్మూరు దాటాక నేను అసలు ప్రశ్న అడిగాను. మా మల్లన్న తర్వాత పేర్లు ఎందుకు పాడవు?

"ఇల్లరికం పోయినోడు మా పాటల ఉండడు పటేలా. వాడు దున్నే ఇంటి పేరు వెట్టుకొని, ఆ ఇంటి పాటల కలుస్తడు. మల్లన్న పేరు కాడ మా అయ్య ఆగిండు, నేను ఆగుతున్న."

సోన్ వంతెన మీద గోదావరి నిండుగా ఉంది. పన్నెండున్నరకు నిర్మల్. హోటల్లో అన్నం తిని, భైంసాలో బస్సు మారి, నాలుగింటికి గంగారాం ఊరు చేరాం. దారి పొడుగునా నల్లరేగడి, విచ్చిన పత్తి.

గంగారాం మమ్మల్ని వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. పోశయ్య మాత్రం మంచమెక్కలేదు. "ఇది నా మిరాశి గాదు. ఇంకొకని ఇండ్లల్ల నేను పాడరాదు. విని పోత" అన్నాడు. వాళ్ల వంశం చెప్పేవాడు ప్రతిసారీ "కిష్టయ్య కొడుకు మల్లన్న" అనే పాడతాడని గంగారాం చెప్పాడు. మా మల్లన్న తండ్రి పేరు అది కాదు కాబట్టి నాకు ఊరట కలిగింది. పోశయ్యకు కలగలేదు.

"కొడుకులు లేని ఇంటికి అల్లుడొస్తే, పాటల కొడుకనే పాడుతం. నేనూ పాడిన. మల్లన్నలంటవా, ఊరికి పది మందుంటరు. పేరు పట్టుకొని ఏం జేస్తం?"

పొద్దు గుంకకముందే అన్నానికి పిలిచారు. జొన్నరొట్టె, అక్కడ బాకరి అంటారు. వంకాయ కూర, నువ్వుల పొడి. పొడి బాగుందని, చేనులోవేనా అని అడిగాను.

"కొనుక్కచ్చినం అన్నా" అన్నది గంగారాం భార్య లస్మవ్వ. "మా చేన్ల నువ్వులెయ్యం. మాకు అచ్చిరావు."

ఇప్పుడు ఆగింది నా చెయ్యి. చొప్పదండిలో మా ఇంట్లోనూ నువ్వులు అచ్చిరావు. మా చుట్టుపక్కల ఇంకే ఇంటికీ ఆ పట్టింపు లేదు.

నేను తొందరపడలేదు. వార్త రాసేవాడికి ఒక సాక్ష్యం చాలదు. ఆ పట్టింపు మనిషితో వచ్చిందా, చేనుతో వచ్చిందా? అదే అడిగాను. గంగారాం ఆలోచించి, ఆ చేను మొదట కిష్టయ్య, ఆయన తమ్ముడు చెరిసగం పంచుకున్నదని, తమ్ముడి వాళ్లు ఇప్పటికీ పక్క సగమే దున్నుతున్నారని చెప్పాడు. వాళ్లేం వేస్తారో ఆయన నోటితో చెప్పలేదు. "పొద్దుగాల నడువుండ్రి, మీరే చూద్దురు" అన్నాడు. చెప్పాలని ఆయనకూ లేదేమో.

పొద్దున చూసింది మొదటే చెప్పాను. నేల ఒకటే, కిష్టయ్య ఇంటి నెత్తురు గట్టుకు అవతల నువ్వులు పండిస్తున్నది. ఇవతల పండించనిది బయటినుంచి వచ్చిన మల్లన్న సంతానం. నాకు అనుమానం మిగల్లేదు.

తిరిగి ఇంటికి నడుస్తూ గంగారాం అన్నాడు: "లెక్కన నేను నీకు చిన్నబాపునైత గదా. అట్లనే పిలువు మరి."

పిలిచాను. లస్మవ్వ లోపలికి పోయి, మనవడికి కాబోయే భార్యకని కొన్న చీర తెచ్చి నా సంచీలో పెట్టింది. "మనుమరాలికి పెట్టినట్టు చెప్పు" అన్నది. పిల్లాడు పశువుల కొట్టం దగ్గరే ఉండిపోయాడు. మేం బయల్దేరేటప్పుడు వచ్చి, నా సంచీ రోడ్డు దాకా మోశాడు.

టెంపోలో బాసర, అక్కడ పోశయ్య గోదావరిలో మునిగి వచ్చేదాకా ఆగి, పదకొండు గంటల పాసింజరులో నిజామాబాదు. అక్కడినుంచి బస్సు. ఇన్నాళ్లూ పాటలో తెగిపోయిందనుకున్న పేరు తర్వాత నాలుగు తరాల పేర్లు నా నోటుబుక్కులో ఉన్నాయి. పోశయ్య కళ్లు మూసుకుని వాటిని ఒకసారి వల్లెవేసుకున్నాడు. "పాడనంటివి గదా" అన్నాను. "పాడ. తెలిసి ఉండాలె" అన్నాడు.

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరాను. అన్న అరుగు మీద ఉన్నాడు. ముందు లోపలికి పోయి సుజాతకు చెప్పాను, చీర ఇచ్చాను. ఆమె మడత విప్పలేదు.

"దేన్ని జూసి తేల్చిన్రు చిన్నబాపు?"

"నువ్వులను చూసి."

"మనం నువ్వులెందుకు వెయ్యం?"

పోశయ్యను అడిగాను, అన్నను అడిగాను, గంగారాంకు ఉత్తరం రాశాను. ఆ సంగతి తెలిసిన మనిషి రెండిళ్లలోనూ లేడు.