ఉప్పు మరచిన పులిహోర

ఆమధ్య కృష్ణకు వరదొచ్చి లంక ఊళ్లు మునిగినప్పుడు, రేపల్లె సహాయ శిబిరానికి మా తెనాలి భజన బృందం తరఫున రెండు వందల పులిహోర పొట్లాలు తీసుకెళ్లాం. వండింది నేనే. నైవేద్యం రుచి చూడటం మా ఇంట్లో లేదు. ఆకలిగొన్నవారూ దేవుళ్లే అనుకుని, ఇదీ చూడలేదు.

వానలో బుట్టలు దించి, పొట్లాలు పంచేసరికి తడిసి ముద్దయ్యాను. శిబిరం చూసే ఆయన నన్నూ వరద బాధితురాలే అనుకుని, "ముందు తినండమ్మా" అంటూ నా పొట్లం నాకే ఇచ్చాడు. నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు. చుట్టూ పొద్దుటినుంచీ పస్తున్న జనం.

పక్కనున్న మామ్మగారు నా ముఖం చూశారు.

"చప్పగా ఉందా అమ్మాయ్? ఎవరో మహాతల్లి ఉప్పు మరిచిపోయింది. పాపం, ఎంత హడావిడిలో చేసిందో!" అంటూ ఆవకాయ వేశారు. మునిగిన ఇంట్లోంచి ఆవిడ తెచ్చుకున్నది ఆ జాడీ ఒక్కటే. వరసంతా వడ్డించగా అప్పటికే అడుగంటింది.

"ఆ మహాతల్లిని నేనేనండి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఇంకో ముక్క వేసుకో" అన్నారు.

ఆ రోజు రెండు వందల మంది చేత అన్నం తినిపించింది ఆవిడే. దేవుడికి ఇప్పటికీ రుచి చూడకుండానే పెడతాను. మనుషులకు మాత్రం చూసి పెడతాను.